ఏసేపు తప్పెట

“ఇచ్చేయ్, పీడ పోతాది! తొమ్మిదేండ్ల నుంచి ఆ తోలు మొగం జూస్తా పండుకుంటాండావు. నా మొగం అన్నిసార్లు జూసినావా నువ్వు?”

“నీ మొగం నన్నేమీ అడగదు మే. అది అడుగుతాది.”

“అడిగేది వాయిస్తే గదా! ఒక్క పెండ్లికన్నా వాయిస్తివా? ఒక్క సావుకన్నా వాయిస్తివా? మేకుకు తగిలించి బూజు పట్టించినావు. టీచరమ్మకు ఇస్తానని నోరారా చెప్తివి, ఇప్పుడు ఇయ్యనంటావు. ఆ పిల్లోడు కర్నూలు నుంచి బస్సెక్కి వస్తాండాడంట. వానికేమి చెప్తావు?”

“వాడు రాసిన రాత వాన్నే ఒకసారి సదువుకోమని చెప్తా.”

వాకిలి బయట నిలబడ్డ రబ్బానీకి ఆ పిల్లోడు తానేనని తెలుసు. చంకలో గాలిబుడగల ప్లాస్టిక్ చుట్ట, జేబులో కొలతల టేపు, చేతిలో నిన్న సాయంత్రం అచ్చయిన ఫ్లెక్సీ. తప్పెటను జాగ్రత్తగా చుట్టి తీసుకుపోయి మ్యూజియంలో గాజు బీరువాలో తగిలించడం అరగంట పని అనుకుని వచ్చాడు. తిరుగు బస్సు ఒంటిగంటకు. లోపలి గొడవ చల్లారేదాకా బయట నిలబడే ఓపిక అతనికి లేదు. అలాంటి ఓపికే ఉంటే ఇంజనీరింగు మూడో ఏడులో కాలేజీ వదిలేసి కర్నూల్లో ఫ్లెక్సీల షాపులో చేరేవాడు కాదు.

“తాతా, నేనే ఆ పిల్లోన్ని,” అంటూ తల వంచి లోపలికి పోయాడు.

ఒకటే గది, బండల మిద్దె. గోడల నిండా పగుళ్ళు. ఏ ఏడు పగిలితే ఆ ఏడు సిమెంటు పూసుకుంటూ వచ్చారు కాబట్టి ఒక్కో పగులుది ఒక్కో రంగు. ఏసేపు గోడకు ఆనుకొని కింద కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, బక్కగా, పొడుగ్గా ఉన్నాడు. తలకు పైన మేకుకు తప్పెట వేలాడుతోంది. కృపమణి పొయ్యి దగ్గర నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

“ఇన్న్యావా అంతా?” అంది ఆమె.

“ఇన్న్యా అవ్వా.”

“అయితే నువ్వే చెప్పు ఆయప్పకు. నాతో కాదు,” అని చెంబుతో నీళ్ళు తెచ్చి అతని ముందు టక్కున పెట్టింది.

ఏసేపు వాళ్ళ ఊరు చింతగుండం; అక్కడికి బనగానపల్లె దిక్కు నుంచి రావాలి. ఊరి వెనక ఎర్ర గుండ్ల గుట్ట, గుట్ట అవతలంతా రేంజి. సైన్యం వాళ్ళు గుండ్లు పేల్చి పరీక్షించుకునే జాగా. ఊళ్ళో పిల్లలకు అమ్మ, నాయన తర్వాత వచ్చే మూడో మాట రేంజే అని మహాదేవి టీచరు నవ్వుతూ అనేది. ఆమె ఆ ఊరి హైస్కూల్లో ఇరవై ఆరేళ్ళు సోషల్ చెప్పి రిటైరైంది. పగుళ్ళు పడ్డాయని బడిని కొత్త భవనంలోకి మార్చినప్పుడు, మిగిలిన పాత గదులను పంచాయతీ దగ్గర అడిగి తీసుకుని, రేంజి పక్కన బతికిన బతుకును అక్కడ చూపిస్తానంది. రేంజి వాళ్ళు గాజు బీరువాలు పంపించారు. వస్తువులు ఆమె ఇల్లిల్లూ తిరిగి తెచ్చింది. వాడేసిన ఇత్తడి గుండు తొడుగుతో చేసిన బడిగంట. గుట్ట మీదికి పశువులను తోలుకుపోవడానికి ఇచ్చిన పాత పాసులు. కాల్పుల రోజున పసిబిడ్డ చెవుల్లో పెట్టడానికి ఒక తల్లి పత్తి ఉండలు దాచుకున్న పౌడరు డబ్బా.

వాటిని అమర్చే పని రబ్బానీకి అప్పగించింది. చిన్న జాగాలో ఎక్కువ బొమ్మలు ఇరికించడం అతనికి ఫ్లెక్సీల వల్ల అబ్బిన విద్య. మొదటి మీటింగులో ఒక గదిని చీకటి చేసి, మీట నొక్కితే గుండు పేలిన చప్పుడు వచ్చేట్టు స్పీకర్లు పెడదామన్నాడు. వెనక వరసలో కూర్చున్న ఏసేపు అప్పుడు మొదటిసారి నోరు విప్పాడు.

“అది మాకు ఈడ ఊరికే ఇనిపిస్తాండారు గదప్పా. మళ్ళా మీట నొక్కి ఇనాల్నా?”

అందరూ నవ్వారు. స్పీకర్ల మాట అక్కడితో పోయింది. ఆ ముసలాయన తప్పెట మాత్రం రబ్బానీ మనసును పట్టుకుంది. మధ్య గదిలో, ఎదురుగా, అదొక్కటే పెట్టాలనుకున్నాడు.

ఆ తప్పెటది పెద్ద కథ. రేంజి వచ్చినప్పుడు ఏసేపుకు పదిహేనేళ్ళు. ఊళ్ళో చాటింపు అప్పటికే వాళ్ళ నాయన పని. పన్ను కట్టమన్నా, టీకాలన్నా, ఎద్దు తప్పిపోయిందన్నా ఆయన తప్పెట మెడకు తగిలించుకుని వీధి వీధి తిరిగేవాడు. రేంజి వచ్చాక దానికి ఇంకో పని తోడైంది. ఫలానా రోజు కాల్పులు ఉంటాయని కాగితం వచ్చేది. గుట్ట కొన మీద ఆ రోజు ఎర్రజెండా ఎగరేస్తారు కానీ అది ఊరి వైపు నుంచే కనబడుతుంది. చేల గట్ల మీదుగా వెనక దారిన గుట్ట ఎక్కేవాళ్ళకు కనబడదు. గడ్డికి, కట్టెలకు, సీతాఫలాలకు పోయేవాళ్ళందరిదీ ఆ వెనక దారే. అందుకని వాళ్ళకు చాటింపే జెండా.

నాయన పోయాక తప్పెట ఏసేపు మెడకు వచ్చింది. ఊరు ఆయన్ను ‘ఒరే ఏసేపూ’ అనే పిలిచింది, మూతి మీద మీసం రాని పిల్లలతో సహా. రెడ్ల అరుగు ముందు ఆయన ఎన్నడూ కూర్చోలేదు. కానీ తప్పెట మెడలో ఉన్నప్పుడు అదే అరుగు ముందు ఆగి, తల ఎత్తి, గొంతెత్తి మాట్లాడేవాడు. అప్పుడు అరుగు మీద పెద్దమనుషులు మాట ఆపి వినేవాళ్ళు.

ఇదంతా రబ్బానీ నెల రోజులుగా టీచరు నోటి నుంచి విన్నాడు. విన్నదాన్ని మూడు వాక్యాలకు కుదించి బోర్డు రాశాడు. నిన్న అచ్చయిన బోర్డు ఫోటో టీచరు ఫోనుకు పంపాడు. ఆమె దాన్ని ఏసేపుకు చదివి వినిపించింది. అప్పటి నుంచే ఈ ‘ఇయ్యను’ మొదలైంది. మ్యూజియం ప్రారంభం చూస్తే ఎల్లుండి.

“ఏమి తాతా, బోర్డు నచ్చలేదా?” అన్నాడు రబ్బానీ. “అక్షరాలు చిన్నగా ఉండాయా?”

“అక్షరాల సంగతి నాకేమి తెలుసు నాయనా. సదువు మళ్ళా. ఈసారి నీ నోటితో ఇంటా.”

రబ్బానీ ఫ్లెక్సీ విప్పి నేల మీద పరిచాడు. మూలలు లేవకుండా ఒక పక్క నీళ్ళ చెంబు, ఒక పక్క టేపు పెట్టి చదివాడు.

“ఊరిని కాపాడిన తప్పెట. రేంజి వచ్చిన నాటి నుంచి ప్రతి కాల్పుల రోజునూ ఊరంతటికీ చాటి చెప్పిన తప్పెట ఇది. దీని హెచ్చరికను పెడచెవిన పెట్టి గుట్టకు వెళ్ళిన ఒక్క మహిళ తప్ప, ఇన్నేళ్ళలో ఈ ఊళ్ళో ఎవరూ ప్రాణాలు పోగొట్టుకోలేదు.”

“ఆ నడిమి మాట ఎవరు రాసినారు? పెడచెవి మాట?”

“నేనే. టీచరు ‘వినకుండా’ అనింది. అది సప్పగా ఉండాదని నేనే మార్చినా.”

పొయ్యి దగ్గర కృపమణి చేతిలో గరిటె ఆగింది.

“ఆ మహిళకు పేరు లేదా?” అన్నాడు ఏసేపు.

“ఈరక్క. తెలుసు. పెడితే వాళ్ళ ఇంటోళ్ళకు బాధని పెట్టలే.”

“పేరు పెట్టకుంటే బాధ ఉండదా?”

రబ్బానీకి పొద్దున ఆటో గుర్తొచ్చింది. బస్సు దిగిన చోటి నుంచి ఊళ్ళోకి తెచ్చింది ఓబుళేశు ఆటో. ఓబుళేశు ఈరక్క కొడుకు. ఇద్దరిదీ దాదాపు ఒకే వయసు. దారంతా మాట్లాడకుండా తోలి, ఊరి మొదట్లో బండి నెమ్మది చేసి అడిగాడు: “మా యమ్మ గురించి ఏమన్నా రాస్తాండారా అప్పా, ఆ మ్యూజియంలో?” రబ్బానీ చేతిలో ఫ్లెక్సీ చుట్టను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. “నేను బొమ్మలు అతికించేటోన్ని. ఏమన్నా ఉంటే టీచరుతో చెప్పు,” అన్నాడు. “టీచరుకు శానా సార్లు చెప్పినాలే. ఆ పొద్దు మా యమ్మ గంప ఎత్తుకొని పోతా పోతా ‘కాల్పుల దినం నిన్ననే పాయ గదరా, ఇంగేమి భయం’ అనింది. నేను ఇన్న్యా. పద్నాలుగేండ్లోడి మాట ఎవరింటారు? పిల్లోడు తల్లి పోయి కలవరిస్తాండాడన్యారు.” రబ్బానీ కూడా అదే అనుకున్నాడు. కాల్పులు జరిగింది ఆ రోజే అయితే నిన్ననే పోవడమేమిటి?

“రబ్బానప్పా,” అన్నాడు ఏసేపు, “నీకు లెక్కలు వచ్చునా?”

“లెక్కలు రాకనే గదా తాతా కాలేజీ ఇడిసింది.”

“ఇది చిన్న లెక్క. వేళ్ళ మీద అవుతాది. మన సంత ఏ దినం?”

“బుధవారం.”

“మా నాయన నాకు తప్పెట ఇచ్చేటప్పుడు ఒకటి చెప్పినాడు. ఒరే, కాల్పులు ఫలానా వారం అని చాటొద్దు. వారం చెప్తే ఈ గురువారమా, వచ్చే గురువారమా అని ఇంటికొకరు అడుగుతారు. తేదీ చెప్తే ఎవరికీ తెలీదు. సంత మీద చెప్పు. సంత ముందు దినం, సంత దినం, సంత మర్నాడు, సంత పోయి మూడో దినం. సంత ఎప్పుడో తెలీనోడు ఊళ్ళో ఉండడు. అట్లనే చాటినా నేను. తొమ్మిదేండ్ల కిందటి దాకా ఎన్నడూ తప్పు రాలే.”

అంతవరకూ చెప్పి ఆగాడు. కృపమణి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఇంతకుముందు అంత అరిచిన మనిషి ఇప్పుడు కిందికి చూస్తూ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది.

“ఆ ఏడు సీతాఫలాల కాలంలోనే పీర్ల పండగ వచ్చింది,” అన్నాడు ఏసేపు. “శుక్రవారం కాయితం వచ్చింది. వచ్చే గురువారం కాల్పులు. శనివారం పొద్దున వీధులన్నీ తిరిగి చాటినా. సంత మర్నాడు కాల్పులు, గుట్ట దిక్కు ఎవరూ పోగూడదహో అని. సరిపాయ గదా?”

“సరిపాయ. బుధవారం సంత, మర్నాడు గురువారం.”

“సోమవారం పంచాయతీ వాళ్ళు పిలిచినారు. బుధవారం పీర్లు ఏటికి పోయే దినం, వీధంతా జనం ఉంటారు, సంత పెట్టనీకి చోటుండదు. అందుకని ఈ ఒక్క వారం సంత మంగళవారమే పెడతారు, చాటు అన్యారు. అదీ చాటినా.”

రబ్బానీ బొటనవేలు మధ్యవేలి మీదికి పోయింది. శనివారం చాటింపు. సోమవారం చాటింపు. మంగళవారం సంత. సంత మర్నాడు...

“బుధవారం,” అన్నాడు పైకే. “ఊరి లెక్కకు కాల్పుల దినం బుధవారమాయ.”

“రెండూ నేనే చాటినా నాయనా. ఇదే తప్పెట, ఇదే నోరు. దేనికది సరైన మాటే. రెండోది మొదటిదాన్ని ఒక దినం ముందుకు ఈడ్చిందని నాకు తట్టలే.”

కాల్పుల దినం నిన్ననే పాయ గదరా. ఆటోలో విన్న మాట రబ్బానీకి ఇప్పుడు అక్షరం అక్షరం అర్థమైంది. నేల మీద పరిచిన ఫ్లెక్సీ వైపు చూడలేకపోయాడు.

“అంతటితో అయ్యుంటే నాకింత ఉండదు,” అన్నాడు ఏసేపు. “బుధవారం పీర్ల ముందర నేనే తప్పెట. ముందు రాత్రి నుంచి వాయిస్తాండా, చేతులు నావి కావు అన్నట్టు ఉండాది. మసీదు ముందర రాతి మీద ఈరక్క కూర్చోని ఉండాది, కొడుకును పక్కన పెట్టుకొని. సీతాఫలాల కాలంలో ఆయమ్మ పగటిపూట ఊళ్ళో కనబడడమే వింత. గుట్ట ఎక్కి కోసుకొచ్చి పెద్దరోడ్డు మీద అమ్మితేనే ఆ ఇంట్లో పొయ్యి. అందుకని నవ్వతా అడిగినా. ఏమి ఈరక్కా, పండ్లకు పోలేదా అని. ఆయమ్మ ఏమనిందో తెల్సునా?”

రబ్బానీ తల అడ్డంగా ఊపాడు.

“నువ్వే గదప్పా పోవద్దని చాటితివి, పండంతా చెట్టు మీదనే పగిలిపోతాండాది, అనింది.”

వీధిలో ఎవరిదో మేక అరిచింది. ఏసేపు తన కుడిచేతి వేళ్ళు చూసుకుంటున్నాడు.

“నేను నవ్వినా. ఏదో ఎకసెక్కం ఆడుతాండాదిలే అనుకొని, నవ్వి, వాయించుకుంటా ముందుకు పోయినా. నా మాట ఇని ఇంట్లో కూర్చున్న మనిషి ఆమె. నాకు ఎదురుగా కూర్చోని, ఈ పొద్దే గదా కాల్పులు అని నాతోనే చెప్పింది. నేను ఆగలే. ఆగి, కాదు ఈరక్కా, రేపు అనుంటే అయిపోయేది. గురువారం ఊరంతా అలిసి పండుకున్యారు, పొద్దెక్కినాక లేచి జెండా జూసుకున్యారు. పీర్ల సందడిలో దినాల లెక్క ఎవరూ తీయలే. ఆయమ్మ ఒక్కతే తెల్లారకముందే వెనక దారిన పాయ. ఒక దినం పండు పాడాయ గదా, ఆ తొందర.”

రబ్బానీకి మనసులో ఉన్నది నోట్లో ఆపుకోవడం చేతకాదు.

“మరి ఆయమ్మ పోయినాక జరిగిన విచారణలో ఎందుకు చెప్పలే?”

“చాటింపు వేసినావా అన్యారు. వేసినా అన్న్యా. ఏమని అన్యారు. సంత మర్నాడని అన్న్యా. సంత ఏ దినం అన్యారు. బుధవారం అన్న్యా. ఆ సారు రాసుకున్యాడు. ఒట్టు, అప్పటికి నాకూ తట్టలే. చాటినా విననిదాన్ని నేనేమి జేసేదని కోపం గూడా వచ్చింది నాకు ఆయమ్మ మీద. వచ్చే బుధవారం సంతలో ఎండుమిరపకాయల ముందర కూర్చోని బేరమాడుతాంటే తట్టింది. పోయిన వారం ఈ దినం ఈడ సంత లేదే అని. మిరపకాయలు ఆడనే ఇడిసి ఇంటికొచ్చినా.”

“తట్టినాక?”

కృపమణి చెప్పింది.

“తట్టినాక నేను మూయించినా నోరు. ఏమి, అట్ల జూస్తాండావు? చెప్తే ఏమవుతాది? చాటేదే సరిగ్గా రాదు ఈ నాయాలికి అని ఊరంతా మా గేరి మీదికి, మా వాడ జనం మీదికి వస్తాది. నాకు పెండ్లి కావాల్సిన ఆడపిల్లలు ఇద్దరు. పోయినామె ఎట్లా తిరిగి రాదు, నువ్వు ఊరకుండు అని ఏసుప్రభువు మీద ఒట్టు పెట్టించుకున్న్యా. ఊరకున్న్యాడు. భుజం నొప్పని తప్పెట గూడా ఇడిసిపెట్టినాడు. ఇప్పుడు కాల్పులుంటే ఫోన్లకు మెసేజీ వస్తాది, మైకు కట్టిన ఆటో తిరుగుతాది. ఇంగ ఈ తప్పెటతో పనేముండాది చెప్పు? దాన్ని ఈ ఇంట్లోంచి తీసుకపో నాయనా. అది గోడ మీద ఉన్నన్నాళ్ళు ఈయప్ప ముద్ద దిగమింగడు.”

“తొమ్మిదేండ్లు నోరు మూసుకున్నారు ఇద్దరూ,” అన్నాడు రబ్బానీ.

“అవును, మూసుకున్న్యాము. నువ్వు రాస్తివి గదా, పెడచెవి అని. ఆయమ్మను నీ కంటితో జూసి రాసినావా?”

రబ్బానీ ఫ్లెక్సీ మీది టేపు తీసి జేబులో వేసుకున్నాడు. లేచి బయటికి పోయి మహాదేవి టీచరుకు ఫోన్ చేశాడు. బోర్డు తప్పు, మీరు రావాలి అన్నాడు. ఏమి తప్పంటే ఫోన్లో చెప్పనన్నాడు.

ఆమె పావుగంటలో వచ్చింది. కృపమణి ఇంట్లో ఉన్న ఒకే కుర్చీ తుడిచి వేసింది. ఏసేపు మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు, శుక్రవారం కాగితం దగ్గర నుంచి. మసీదు ముందర రాయి దాకా వచ్చేసరికి టీచరు కుర్చీలోంచి దిగి నేల మీద కూర్చుంది. ఎందుకు దిగిందో ఎవరూ అడగలేదు.

ఆమె అంది. “ప్రతి ఏడూ తొమ్మిదో తరగతికి చెప్తాంటిని నేను. హెచ్చరిక వినకుంటే ఏమవుతుందో ఈరక్కను చూసి నేర్చుకోండి అని. మొదటి ఏడు ఆ తరగతిలో ఓబుళేశు ఉండాడు. లేచి, మా యమ్మ విన్నది మేడమ్ అన్నాడు. కూర్చో అన్నా. మర్నాటి నుంచి బడికి రాలేదు.”

“నీ తప్పేముండాది టీచరమ్మా. నేను చెప్పకపోతే నీకెట్ల తెలుస్తాది,” అన్నాడు ఏసేపు.

“వాడు చెప్పినాడు కదా ఏసేపూ. అడిగి ఉంటే తెలిసేది.”

రబ్బానీ ఫ్లెక్సీ మీది చెంబు తీశాడు. అది దానంతటదే చుట్టుకుంది. “ఎల్లుండికి ఇంకోటి అచ్చు వేయించుకొస్తా. నా ఖర్చే. కానీ టీచర్, ప్రారంభానికి రేంజి నుంచి పెద్ద సారు వస్తాండాడు. పంచాయతీ వాళ్ళు ఉంటారు. ఇది గోడ మీద పెట్టనిస్తారా?”

“రేంజి వాళ్ళు దినం సరిగ్గానే ఇచ్చినారు. పంచాయతీ సంత గురించి సరిగ్గానే చెప్పింది. వాళ్ళను అనేది ఇందులో ఏముంది?” అని టీచరు ఆగింది. “గొణుగుతారు. గొణగనీ. ఆ గది తాళంచెవి నా దగ్గర ఉండాది.”

రబ్బానీ నోటుపుస్తకంలో కాగితం చించి రాయడం మొదలుపెట్టాడు. షాపులో పుట్టినరోజుకు, పెళ్ళికి, ఎన్నికలకు నిమిషంలో మాటలు అల్లేవాడికి ఆ పూట అరగంట పట్టింది. మొదట రాసింది చదివాడు: “అనుకోకుండా జరిగిన ఒక పొరపాటు వల్ల ఒక ప్రాణం పోయింది.”

“ఎవరి పొరపాటు?” అన్నాడు ఏసేపు. “గాలిలో జరిగిందా అది? పేరు లేకుండా మళ్ళా రాసినావు.”

రెండోసారి రాసిందానిలో శని, సోమ, మంగళ, బుధవారాలన్నీ వరసగా పెట్టాడు. టీచరు ఒకచోట దిద్దింది. చివరి మాటలు మాత్రం ఏసేపు చెప్పినవి చెప్పినట్టే రాశాడు: ‘ఈరక్క చాటింపు విన్నది. విన్నట్టే నడుచుకుంది. ఆమె దినం లెక్క తప్పలేదు. తప్పింది చాటింపు. చాటినవాడు ఏసేపు.’

“ఇది బాగుండాది,” అన్నాడు ఏసేపు, ఎవరి గురించో చెబుతున్నట్టు.

“అయితే తప్పెట ఇస్తావా తాతా?”

“ఇస్తా. ఇప్పుడు కాదు, సందకాడ. దానితో ఇంగొక పని ఉండాది.”

కృపమణి ఆయన మొహంలోకి చూసింది. “ఏమి పని?”

“బోర్డు సదువు వచ్చినోళ్ళకు మే. ఊరు తప్పు మాట ఇన్న్యది బోర్డు మీద కాదు. తప్పెట మీద ఇన్న్యది. సరైన మాట గూడా దాని మీదనే ఇనాల.”

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. బయటికి పోయి, దొడ్డిలోంచి ఎండుగడ్డి ఇంత, కంపపుల్లలు ఇన్ని తెచ్చి వాకిట్లో కుప్ప వేసింది. అగ్గిపుల్ల గీసింది కూడా ఆమే.

తొమ్మిదేళ్ళు వాయించని తోలు సడలిపోయి ఉంది. సెగ తొందరగా తగిలితే పగులుతుందని ఏసేపు తప్పెటను మంటకు దూరంగా పట్టుకుని, తిప్పుతూ, మధ్య మధ్య వేలి కణుపుతో తట్టి చూశాడు. మొదట అట్ట తట్టినట్టు వచ్చింది. ఇంకాస్త కాచాడు. మూడోసారి చప్పుడు గట్టిపడింది. ఎదురింటి వాకిట్లో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఈ గేరిలో ఆ చప్పుడు విని చాలా ఏళ్ళయింది.

రబ్బానీ ఒంటిగంట బస్సు ఎప్పుడో పోయింది. గేరి చివర ఓబుళేశు ఆటో ఆగి ఉంది. కర్నూలు మనిషిని బస్సు దగ్గర దింపాలని పొద్దున మాట్లాడుకున్న బేరం కోసం వచ్చి, అతను ఎంతకూ రాకపోతే సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. తప్పెట చప్పుడుకు కాళ్ళు కిందికి దించి ఇటు చూశాడు.

“మొదట ఎవరింటి ముందర?” అని అడిగింది టీచరు.

ఏసేపు గడ్డంతో ఆటో దిక్కు చూపించాడు. “వాడు ఈడనే ఉండాడు గదా. ఆడి నుంచే మొదలు. తరువాత రెడ్ల అరుగు. తరువాత మసీదు.”

ఆయన తప్పెట మెడకు తగిలించుకున్నాడు. తాడు పాతదై పీలికలు లేచింది. కృపమణి దాన్ని ముడి వేసి బిగించి, ఆయన చొక్కా కాలరు కింది నుంచి సరిగ్గా వచ్చేట్టు సర్దింది. ఆయన కుడిచేతిలోకి పుల్ల తీసుకున్నాడు. ఆటో దిగి నిలబడ్డ ఓబుళేశు, ఇటు రావాలో వద్దో తెలియనివాడిలా అక్కడే ఉన్నాడు.

ఏసేపు రెండడుగులు వేసి ఆగి వెనక్కి తిరిగాడు.

“రబ్బానప్పా, నువ్వు నా ముందర నడువు. ఆ కాయితం చేతిలో పట్టుకో. నేను చాటే ప్రతి మాటా అందులో జూసుకుంటా ఉండు. శనివారం, సోమవారం, మంగళవారం, ఏదీ ఎగిరిపోగూడదు. మధ్యలో యాడన్నా దినం తప్పు చెప్తే ఆపు నన్ను. వాయిస్తాండాడు, పెద్దోడు, నలుగురూ ఉండారని జూడొద్దు. నేను నవ్వతా పోతాంటే చెయ్యి పట్టుకొని ఆపు.”